అంగడికి ఒక నియమము, సంతకు ఒక నియమము

తుపాకి కొనవచ్చినవాని పూర్వచరిత్రను విక్రేత ముందుగా విచారించవలెనా? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ప్రశ్నపై అర్ధశతాబ్దికి మించి వివాదము సాగుతున్నది.

1963లో అధ్యక్షుడు కెనెడీని బలిగొన్న రైఫిలును షికాగో అంగడినుండి తపాలాలో, మారుపేరుతో తెప్పించినారు. 1968 నాటి శాసనము అట్టి తపాలా వ్యాపారమును అరికట్టినది. ఘోరనేరములకు శిక్షపడినవారు మొదలైనవారు ఆయుధము కొనరాదన్నది. అయితే కొనువాడు తాను అట్టివాడను కానని ఒక పత్రముమీద చేవ్రాలు చేసిన చాలును. నీవు దొంగవా అని అడిగి, కాదనగానే తాళపుచెవి చేతికిచ్చినట్లున్నది!

1980 అక్టోబరులో ఒక యువకుడు డల్లాసు నగరములో తప్పు చిరునామా వ్రాసి రివాల్వరు కొన్నాడు. మరుసటి మార్చి 30న దానితోనే అధ్యక్షుడు రీగనుపై కాల్పులు జరిపినాడు. పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ తలలో గుండు దిగి, శరీరము కొంత చచ్చుబడినది. ఆయన, ఆయన భార్య సారా ఏండ్ల తరబడి చేసిన కృషి ఫలించి 1993లో బ్రాడీ శాసనము వచ్చినది. దాని ప్రకారము 1998 నవంబరు నుండి లైసెన్సుగల వర్తకుడు అమ్మకమునకు ముందు కొనువాని పేరును నిషిద్ధుల పట్టికలతో సరిచూపించవలెను.

చిక్కంతయు ‘లైసెన్సుగల’ అను ఆ ఒక్క మాటలో ఉన్నది. తుపాకుల వ్యాపారము వృత్తిగా లేని గృహస్థుడు తన ఆయుధమును అదే రాష్ట్రమువానికి అమ్మినచో కేంద్ర శాసనము ఈ విచారణ కోరదు. తెలిసి తెలిసి నిషిద్ధునికి అమ్మరాదు, అంతే. అందుచేత తుపాకుల సంతలో ఒక బల్లవద్ద విచారణ, ప్రక్క బల్లవద్ద రొక్కము మాత్రమే! 1999లో కొలంబైన్ పాఠశాల హత్యాకాండలో వాడిన నాలుగు తుపాకులలో మూడింటిని హంతకుల స్నేహితురాలు అట్టి సంతలోనే కొన్నది. ఆమెపై ఏ నేరమూ లేదు. విచారించినను తుపాకులు దక్కెడివే. అయినను విచారణ ఉన్నచో తాను కొని ఉండనని ఆమె తరువాత సాక్ష్యమిచ్చినది. ఆ మే నెలలో సెనేటులో ఓట్లు సరిసమానము కాగా, ఉపాధ్యక్షుడు గోర్ తన ఓటుతో సంతలకు విచారణను నెగ్గించినాడు. ప్రతినిధుల సభలో అది సాగలేదు. 2000లో కొలరాడో ప్రజలు తమ రాష్ట్రమువరకు తామే ఓటువేసి ఆ నియమము తెచ్చుకొన్నారు.

ప్రతిపక్షుల వాదము తీసివేయదగినది కాదు. విక్రయములన్నియు లెక్కకెక్కినచో అవి ఒకనాడు తుపాకుల జాబితాగా, ఆపై జప్తుగా మారునని వారి భయము. కేంద్ర జాబితాను 1986 శాసనము నిషేధించినను ఆ భయము పోలేదు. 2012లో న్యూటౌన్ పాఠశాలలో పసిపిల్లలను చంపినవాని ఆయుధములు అతని తల్లి సక్రమముగా కొన్నవే. విచారణ ఏమి ఆపెడిది, అని కూడ వారు అడిగినారు. 2013 ఏప్రిల్ 17న సంతలకు విచారణను విస్తరించు సవరణకు సెనేటులో 54 ఓట్లు వచ్చినవి. కావలసినవి 60.

నెవాడాలో మరొక వింత. 2016లో ప్రజలు స్వల్ప ఆధిక్యముతో విచారణను ఆమోదించినారు. దానిని కేంద్ర నేరపరిశోధక సంస్థయే జరుపవలెనని అందులో ఉన్నది. ఒక రాష్ట్రము తమకు పని విధింపజాలదని ఆ సంస్థ తోసిపుచ్చగా ఆ నియమము నిద్రించినది. 2019లో శాసనసభ దానిని తిరిగి వ్రాయవలసివచ్చినది. 2022లో కేంద్ర శాసనము ‘వ్యాపారి’ అను మాట అర్థమును కొంత విస్తరించినది. గృహస్థుని అమ్మకము మాత్రము దానికి వెలుపలనే ఉండిపోయినది.