తలదాచుకునే చోటు - తాలీము
(ఆక్స్‌ఫర్డు చరిత్ర చెప్పే పాఠం)

ఊరు విడిచి పై చదువుకు పోయే పిల్లవానికి కాలేజీలో సీటు దొరికితే సగం పనే అయినట్టు. రాత్రి పడుకోవడానికి ఒక చోటు, కడుపుకు రెండు ముద్దలు - ఇది మిగతా సగం. కాలేజీలు తెరిచే రోజులు వచ్చాయంటే మన సభ్యుల ఇళ్ళలో ఇదే చింత. కిరాయి గది కోసం గల్లీ గల్లీ తిరిగి, పేరు చెప్పగానే "గది ఖాళీ లేదు" అనిపించుకుని వచ్చిన పిల్లలను మేము ఎరుగుదుము. ఇది ఈనాటి కష్టమే అనుకుంటాము గాని, ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణంలో విద్యార్థులు పడినదీ ఇదే బాధ.

ఆక్స్‌ఫర్డులో 1096 నాటికే పాఠాలు చెప్పేవారున్నారు. 1167లో రాజు రెండవ హెన్రీ తన ప్రజలు పారిస్ పోయి చదవరాదని కట్టడి చేయడంతో ఇక్కడ విద్యార్థులు పెరిగారు. అప్పటికి కాలేజీ భవనాలు లేవు, హాస్టళ్ళు లేవు. నలుగురైదుగురు కలిసి ఊళ్ళో ఇల్లు కిరాయికి తీసుకునేవారు. 1209లో ఒక విద్యార్థి చేతిలో ఊరి స్త్రీ ఒకామె చనిపోయింది. అతడు పారిపోయాడు. ఊరివాళ్ళు అతనితో ఒకే ఇంట్లో ఉంటున్న తోటివారిని పట్టుకుని ఉరి తీశారు. నేరం ఒకరిది, శిక్ష ఇల్లు పంచుకున్నవారికి! గురువులు, శిష్యులు భయపడి ఊరు వదిలారు. వారిలో కొందరు చేరిన చోటే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వెలసింది.

1214లో పోపు ప్రతినిధి రాజీ కుదిర్చాడు. విద్యార్థుల ఇళ్ళకు పదేళ్ళపాటు సగం కిరాయే తీసుకోవాలి. కొత్త ఇళ్ళకు నలుగురు గురువులు, నలుగురు ఊరి పెద్దలు కూర్చుని కిరాయి నిర్ణయించాలి. బీద విద్యార్థుల కోసం ఊరు ఏటా 52 షిల్లింగులు ఇవ్వాలి. ఏడాదికొక రోజు వందమంది బీద విద్యార్థులకు భోజనం పెట్టాలి. ఆ విశ్వవిద్యాలయానికి తొలి హక్కుపత్రం అనదగిన ఈ కాగితంలో ఇంటి కిరాయికి, అన్నానికి ఎంత చోటు దొరికిందో గమనించండి.

తరువాత ఒక్కొక్క గురువు ఒక్కొక్క ఇల్లు తీసుకుని, కిరాయికి తానే జామీను ఉండి పిల్లలను పెట్టుకునే పద్ధతి వచ్చింది. వీటిని హాళ్ళు అన్నారు. 14వ శతాబ్దం మొదట్లో ఇవి వందకు పైగా ఉండేవి. నేటికి మిగిలినది సెయింట్ ఎడ్మండ్ హాలు ఒక్కటే. అదీ 1957లో కాలేజీ అయింది. ఇక 1264లో వాల్టర్ డి మెర్టన్ అనే ఆయన తన భూముల రాబడిని విద్యార్థుల వసతికి, భోజనానికి రాసిచ్చి మెర్టన్ కాలేజీ నెలకొల్పాడు. ఇది మన వక్ఫు వంటిదే.

అయితే నీడ ఇచ్చిన తలుపే కొందరికి మూసుకుంది. 1581 నుండి చేరేటప్పుడే ఇంగ్లండు చర్చి మతసూత్రాలకు సంతకం పెట్టవలసి వచ్చేది. 1854 దాకా ఈ షరతు తొలగలేదు. కాలేజీ ఖర్చు భరించలేని బీదవారికి 1868లో దారి దొరికింది. కాలేజీలో చేరకపోయినా, అనుమతి పొందిన కిరాయి ఇళ్ళలో ఉండి చదవవచ్చునన్నారు. అలా చదివినవారి సంఘమే 1962లో సెయింట్ కాథరిన్స్ కాలేజీగా మారింది. ఆడపిల్లలకు 1879లో రెండు వసతి గృహాలు తెరిచారు. వాటిలో ఒకటైన సోమర్‌విల్‌లో 1889లో చేరిన మన దేశపు అమ్మాయి కార్నీలియా సొరాబ్జీ 1892లో న్యాయశాస్త్ర పరీక్ష రాసింది. అక్కడ ఆడవాళ్ళకు పట్టా ఇవ్వడం మొదలైంది మాత్రం 1920లో. అంటే, పట్టా కంటే నలభై ఏళ్ళు ముందుగా వసతి వచ్చిందన్నమాట.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సాహెబు 1869లో ఇంగ్లండు పోయి అక్కడి చదువుల తీరు చూశారు. 1875లో అలీగఢ్‌లో మదరసా తెరిచినప్పుడు, పిల్లలు అక్కడే ఉండి చదవాలని పట్టుబట్టారు. గదులకు చందాలు పోగు చేశారు. ఇచ్చినవారిలో హిందువులూ ఉన్నారు. దాతల పేర్లు రాతి పలకల మీద చెక్కించారు. ఆ మదరసాయే 1920లో విశ్వవిద్యాలయమైంది.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. అందరమూ కాలేజీలు కట్టలేము. కాని నగరంలో ఇల్లున్నవారు న్యాయమైన కిరాయికి ఒక గది ఇవ్వగలరు. ఆ గది అడిగే పిల్లవాడు ఏ మతమని, ఏ కులమని చూడకుండా ఇవ్వాలి. మనకు తగిలిన దెబ్బ మనం ఇంకొకరిని కొట్టరాదు. ఆనాటి గురువుల మాదిరిగా మన సొసైటీ బీద పిల్లల కిరాయికి జామీను ఉండాలి. ఆడపిల్లల వసతి సంగతి ముందు చూడాలి. పడుకునే చోటు దొరకక మన పిల్లలెవ్వరూ చదువు మాని ఇంటికి తిరిగి రాకూడదు.