చీకటిలో కన్ను చేయు పని

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరగినవి. టెక్కలి, నందిగాం ప్రాంతములలో కరెంటు లేని రాత్రులు వరుసగా గడచినవి. దీపమారిన క్షణమున ఏమియు కానరాదు; అరగంట గడచునప్పటికి గడపయు, చెట్టు మొదలును, బాటయు కొంచెము కొంచెముగా తెలియవచ్చును. ఈ అరగంటలో కంటిలోపల జరుగుచున్న పనియేమి? దానిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది.

1876లో రోము నగరమున ఫ్రాంజ్ బోల్ అను పండితుడు చీకటిలో ఉంచిన కప్ప కంటి వెనుకపొర, అనగా రెటీనా, ఎర్రగా ఉండుటయు, వెలుగు సోకగానే అది పాలిపోవుటయు చూచెను. ఆ ఎరుపునకే తరువాత రొడాప్సిన్ అను పేరు స్థిరపడినది. 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాలో విటమిన్ ఎ ఉన్నదని కనుగొనెను; 1967లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. రొడాప్సిన్‌లో రెటినాల్ అను చిన్న అణువు వంగి కూర్చుండును. అది విటమిన్ ఎ నుండి పుట్టినది. వెలుగు సోకినంతనే అది నిటారగును. చూపునకు అదియే తొలి అడుగు. చీకటిలో దానిని మరల వంచి యథాస్థానమున చేర్చవలెను. అరగంట ఆలస్యమునకు ముఖ్యకారణ మిదియే.

తిండిలో విటమిన్ ఎ చాలనిచో ఆ ఎరుపు నిండదు. బిడ్డకు రేచీకటి పట్టును. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఈ లోపమును గూర్చి అచ్చట విశేషకృషి జరిగినది. 1970లో, ఒకటి మొదలు ఐదేండ్ల వరకు వయస్సుగల బిడ్డలకు ఆరునెలల కొకమారు రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చు పథకము దేశమున ఆరంభమైనది. పెరటి మునగాకు, బొప్పాయి పండు చేయు మేలును మనవారు తేలికగా చూచుట మాకు వింతగా తోచును.

కథ ఇంతటితో ముగియలేదు. 1987లో ఫ్రాన్సున పియెర్ షాంబోన్, అమెరికాలో రోనాల్డ్ ఎవాన్స్ వేర్వేరుగా మరియొక సంగతి బయటపెట్టిరి. విటమిన్ ఎ నుండి పుట్టు రెటినోయిక్ ఆమ్లము కణకేంద్రమున ప్రవేశించి, ఒక ప్రోటీను నంటిపెట్టుకొని, కొన్ని జన్యువులను మేల్కొలుపును, కొన్నింటిని అణచును. 1996లో ఎలుకల కండ్లలో పరిశీలింపగా, వెలుగు వలన విడివడిన రెటినాల్‌లో కొంత ఈ ఆమ్లముగా మారుచున్నట్లు తేలినది. అనగా వెలుగు చూపును కలిగించుటయేగాక జన్యువులకు ఆజ్ఞయు పంపగలదు! అయితే ఎలుక రాత్రి తిరుగు జంతువు. దాని కంటి సంగతులన్నియు మనకు వర్తించునని తొందరపడరాదు. మూలకణముల నుండి పాత్రలలో పెంచిన మానవ రెటీనా కణజాలము నేడు పరిశోధకులకు అందుబాటులో నున్నది.

ఇంతకును రేచీకటి యంతయు తిండిలోపమే కాదు. నిటారైన రెటినాల్‌ను మరల వంచు ఎంజైమును తయారుచేయు జన్యువొకటి కలదు. దాని పేరు ఆర్‌పీఈ65. తల్లిదండ్రు లిరువురినుండియు చెడిన ప్రతి సంక్రమించినచో బిడ్డకు పసితనము నుండియే చీకటిలో చూపుండదు. మేనరికపు పెండ్లిండ్లలో ఇట్టి కలయికకు అవకాశ మెక్కువ. విటమిన్ లోపమున వచ్చిన రేచీకటి మందిచ్చిన కొలది దినములలోనే సర్దుకొనును. దీనికి మాత్రము ఎన్ని ఆకుకూరలు పెట్టినను ఫలము లేదు. మందుకు లొంగని రేచీకటిగల బిడ్డను దిష్టి తీసి ఊరకుండక నేత్రవైద్యునికి చూపవలెను. మంచి జన్యువును సూదితో రెటీనా క్రిందికి ఎక్కించు చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి లభించినది. వెల మిక్కిలి ఎక్కువ. అది చేయు పని యొక్కటే: నిటారైన రెటినాల్‌ను మరల వంచుట.