పక్కన కూర్చుని తినడం

పౌలు ఉత్తరాల్లో గలతీయులకు రాసినంత కోపంగా ఇంకోటి లేదు. మామూలుగా ఆయన చదివేవాళ్ళ గురించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాకే విషయంలోకి వస్తాడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు. తన పిలుపు మనుషులిచ్చింది కాదని మొదటి వాక్యంలోనే తేల్చేస్తాడు. యేసుతో తిరిగినవాళ్ళు యెరూషలేములో ఉండగా నీకెవరిచ్చారు ఈ అధికారం అని ఎవరో అడిగి ఉండాలి.

జవాబుగా లెక్క చెప్తాడు. పిలుపు రాగానే యెరూషలేముకి కాదు, అరేబియాకి వెళ్ళాడు, తర్వాత దమస్కు. మూడేళ్ళకి పేతురు దగ్గర 15 రోజులున్నాడు. మళ్ళీ 14 ఏళ్ళకి గానీ అటు పోలేదు. సర్వర్ పడిపోయినప్పుడు మనం లాగ్ తీసి చూపించినట్టే.

కానీ అసలు గొడవ అన్నం దగ్గర. అంతియొకయలో పేతురు యూదులు కానివాళ్ళతో కలిసి తినేవాడు. యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే మెల్లగా పక్కకి జరిగాడు. బర్నబా కూడా ఆయన వెంటే. పౌలు అందరి ముందూ పేతుర్ని నిలదీశాడు. సున్నతి చేయించుకుంటేనే మాలో ఒకడివి అనే షరతు పెడితే ఇక తను చెప్పిన మాటకి విలువేముంది?

సున్నతి చోట కులం పెట్టి చదివితే ఇది మన కథే. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ, దగ్గర్లో బొగ్గు గనులు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి పనిచేసే ఇలాంటి చోట కూడా, పేరు చెప్పాక ఇంటిపేరెందుకు అడుగుతారో అందరికీ తెలుసు.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని ఉన్నాడు. మాదిగ, తోళ్ళ వ్యాపారి, రాజయోగ సాధన చేసినవాడు. మా ఊరికి రా అని దొరని పిలిచింది ఆయనే. 1867 మొదట్లో అక్కడి మాదిగలు చేరగానే, అంతదాకా క్లౌ మాట వింటున్న పెద్దకులాలవాళ్ళు, వీళ్ళుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య హారియెట్ విడివిడిగా కొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట: కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం నుంచి, లోకం తక్కువ చేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు చెప్పే చోటు. మాదిగలు ఉండిపోయారు.

అయిదూ పదేళ్ళకి ధాత కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో క్లౌ కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని 15 నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది.

ఈ కథలో పౌలు వేషం క్లౌకే ఇస్తుంటారు. నాకు ఒప్పుదల కాదు. వెనకాల మిషన్ సంస్థ, జీతం, అధికారం ఉన్న క్లౌ నిజానికి యెరూషలేము మనిషి. ఎవరూ పంపకుండా బయల్దేరినవాడు పేరయ్య. అయితే పౌలు తన లెక్క తానే రాసుకున్నాడు. పేరయ్యది, క్లౌ రెండో భార్య ఎమ్మా 1899లో అచ్చువేయించిన పుస్తకంలో, ఇంగ్లీషులో ఉంది.