మన బళ్ళారి నుంచి దేశానికి వెళ్ళిన పాఠం

బళ్ళారి పేరు చెబితే అందరికీ కోట, గనులు, ఎండలు గుర్తొస్తాయి. మన దేశంలో మానసిక వైద్యం చరిత్ర చదివినా అందులో బళ్ళారి పేరు వస్తుంది. మా సోషల్ సార్ ఈ మాట చెప్పినప్పుడు మా తరగతిలో ఎవ్వరికీ ఆ సంగతి తెలియదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు పాత రోజుల సంగతి. మా అవ్వ చిన్నప్పుడు ఎవరైనా తమలో తామే మాట్లాడుకుంటూ తిరిగితే "గాలి సోకింది" అనేవాళ్ళంట. మూర్ఛ వస్తే చేతిలో ఇనుప తాళాలు పెట్టేవాళ్ళు. తాయెత్తు కట్టించి, గుడిలో నిద్ర చేయించేవాళ్ళు. అయినా తగ్గకపోతే గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాళ్ళు. "మరి డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకుపోలేదవ్వా?" అని అడిగాను. "యాడున్నాడు రా డాక్టరు? అంత దూరం పోవాలంటే బస్సుకు దుడ్లు కావద్దా? ఆ పొద్దు కూలి ఎవరిస్తారు?" అనింది.

అవ్వ చెప్పింది నిజమే. 1953 దాకా మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పెద్ద మానసిక ఆస్పత్రి మద్రాసు కీల్పాక్‌లో ఉండేది. మైసూరు రాష్ట్రంలో కలిశాక బెంగుళూరు ఆస్పత్రి దిక్కయింది. అది కూడా దాదాపు 300 కిలోమీటర్ల దూరం. కాబట్టి పల్లె జనానికి మూఢనమ్మకం ఒక్కటే అడ్డు కాదు, దగ్గర్లో వేరే దారి లేకపోవడం కూడా అడ్డే.

1982లో ప్రభుత్వం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని ఒక జిల్లా మొత్తంలో ఎలా నడపాలి? ఇది తేల్చుకోవడానికి బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985లో బళ్ళారి జిల్లాను ఎంచుకుంది. పల్లెల్లో కొత్త ఆస్పత్రులు కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్న డాక్టర్లకే శిక్షణ ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు జబ్బు గుర్తుపట్టడం నేర్పారు. మూర్ఛకు, తీవ్రమైన మానసిక జబ్బులకు కావలసిన మాత్రలు అక్కడే ఇచ్చారు. జ్వరానికి వెళ్ళే చోటే దీనికీ మందు దొరికితే, ఇది కూడా ఒక జబ్బే అని జనానికి అర్థమవుతుంది. ఉపన్యాసం కంటే పక్కింటాయన కోలుకోవడం చూస్తేనే నమ్మకం కలుగుతుంది.

ఈ బళ్ళారి నమూనానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా మొదట నాలుగు జిల్లాల్లో పెట్టారు. తర్వాత దేశమంతా విస్తరించారు. కానీ వైద్యం అందని చోట పాత పద్ధతులే సాగాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం.

ఇంత జరిగినా ఒక్కటి మాత్రం మారలేదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో మాత్రలతో మనిషి బాగైంది, పొలం పనికి పోతోంది. కానీ పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఆస్పత్రి చీటీ బియ్యం డబ్బాలో దాచిపెట్టారు. మందు ఊళ్ళోకి వచ్చింది గానీ, సిగ్గు ఇంకా పోలేదు. చీటీ దాస్తే ఒక్కోసారి మాత్రలు కూడా ఆగిపోతాయి, జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది.

అందుకే తోటి విద్యార్థులకు నా మనవి. ఎవరినీ "పిచ్చోడు" అని పిలవొద్దు. మనకే నిద్ర పట్టకపోయినా, చాలా రోజులు దిగులుగా ఉన్నా ఇంట్లోనో టీచర్లకో చెబుదాం. 14416 అనే టెలి మానస్ నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పెద్దలారా, పిల్లలు అలా చెప్పినప్పుడు తిట్టకుండా వినండి. దేశానికి దారి చూపిన జిల్లా మనది. ఆ దారిలో మన ఇళ్ళు కూడా నడవాలి కదా!