పేరు పోగొట్టుకున్న పాట

వింటే హుషారు పుట్టించే పాట అది. నడకకు సరిపడే లయ, నడుమ ఈల. భాష తెలియనివారు వేడుకపాట అనుకుంటారు. కాని అందులోని మనిషి రాత్రివేళ ఒంటరిగా, కన్నీరు జారిపడకుండా తల పైకెత్తి నడుస్తున్నాడు. జపనీయులు దానికి పెట్టుకున్న పేరు 'ఉఎ ఒ ముయితె అరుకో'. పైకి చూస్తూ నడుద్దాం అని అర్థం.

1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జపాన్‌లో పెద్ద ఉద్యమం లేచింది. ఒప్పందం ఆగలేదు. ఆ ఓటమి దిగులులోంచి రోకుసుకె ఎయి ఈ గీతం రాశారు. ఉద్యమం ఊసు మాత్రం ఎక్కడా రానివ్వలేదు. అందుకే అది ఎవరి దుఃఖానికైనా సరిపోయింది. హచిదాయి నకమురా బాణీ కట్టగా, 1961లో పందొమ్మిదేళ్ల క్యూ సకమోతొ పాడారు.

విదేశాల్లో విడుదల చేసినవారికి ఆ పేరు నోరు తిరగదనిపించింది. 'సుకియాకి' అన్నారు. అది మాంసంతో చేసే ఒక వంటకం. పాటకూ దానికీ ఏ పొత్తూ లేదు. ఆ పేరుతోనే 1963 జూన్‌లో అమెరికా పాటల పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఎవరితో ఒప్పందం వద్దని కడుపుమండి పుట్టిందో, వారే మాట అర్థం కాకుండానే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు!

1985 ఆగస్టు 12న జపాన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో 520 మంది మరణించారు. వారిలో 43 ఏళ్ల సకమోతొ ఒకరు. 2011 భూకంపం, సునామీల తర్వాత ఆ దేశంలో ఓదార్పుగా మళ్లీ ఆ పాటే వినిపించింది.

పరభాషల నడుమ బతికే మనకు ఇది కొత్త కాదు. బాణీ తనంతట తానే ఎల్లలు దాటుతుంది. పేరూ అర్థమూ దాటాలంటే చెప్పేవారు ఒకరుండాలి.