మదురై కాళ్లు, కోయంబత్తూరు చెప్పులు

మదురై పేరు చెప్పగానే మల్లెపూలు, సుంగుడి చీరలు, మీనాక్షమ్మ గుడి గుర్తొస్తాయి. వైద్య గ్రంథాలకు మాత్రం అక్కడి పుండు కాలు గుర్తొస్తుంది. 1842లో మదురై ధర్మాసుపత్రి నివేదికలో డాక్టర్ గిల్ ఆ కాలి గురించి మొదట రాశాడు. పాదం వాచి ఆకారం చెడుతుంది, అక్కడక్కడా చిల్లులు పడతాయి, వాటిలోంచి చీముతో పాటు గసగసాల్లాంటి గింజలు రాలతాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి రోగి ఏళ్ల తరబడి దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతాడు. 1846లో కోల్‌బ్రూక్ అనే వైద్యుడు దీన్ని ‘మధుర పాదం’ అన్నాడు. అదే ఏడు బళ్లారిలో కనిపించిన ఇలాంటి కాళ్ల గురించి గాడ్‌ఫ్రే లండన్‌లోని లాన్సెట్ పత్రికకు రాశాడు. ఇంకో పద్నాలుగేళ్లకు బొంబాయిలో హెన్రీ వాన్‌డైక్ కార్టర్ ఇది బూజు జాతి సూక్ష్మజీవుల పని అని తేల్చి మైసెటోమా అని పేరు పెట్టాడు. నేటికీ వైద్య విద్యార్థులు చదివే గ్రేస్ అనాటమీకి తొలి బొమ్మలు వేసింది ఈ కార్టరే. ఆ తర్వాత మదురై పేరు సూక్ష్మజీవులకూ పాకింది. ఒక శిలీంధ్రం మదురెల్లా అయింది, ఒక బాక్టీరియా ఆక్టినోమదురా అయింది. ఊరికి ఇలాంటి కీర్తి ఎవరూ కోరుకోరు.

ఈ జబ్బు చెప్పు కరిచి వచ్చేది కాదు, చెప్పు లేక వచ్చేది. మట్టిలోని సూక్ష్మజీవి తుమ్మముల్లు గుచ్చుకున్న చోటునుంచి లోపలికి పోతుంది. మదురైకి దక్షిణంగా, పడమరగా ముల్లుకు, నల్లరేగడికి కొదవ లేదు. ఆ రేగడిని దున్ని పత్తి పండించిన వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. విజయనగర సేనల వెంట, ఆ తర్వాత నాయక రాజుల కాలంలో వచ్చిన కమ్మవారు, రాజకంబళంవారు తడి పొలాలన్నీ అప్పటికే ఇతరుల చేతుల్లో ఉండటంతో ఈ మెట్ట నేలల్లో స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. ఈ వలస కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశాడు. రేగడిలో వాన పడితే చెప్పు అడుగున శేరు మట్టి అంటుకుంటుంది, అడుగు లేవదు. చెప్పులున్న రైతు కూడా వాటిని గట్టు మీద విడిచి పొలంలోకి దిగుతాడు. ముల్లు అక్కడ కాచుకుని ఉంటుంది.

ఇక చెప్పులు కుట్టినవాళ్ల సంగతి.

1370ల్లో విజయనగర రాకుమారుడు కంపరాయలు మదురై సుల్తానుల మీదికి దండెత్తినప్పుడూ, 1529లో విశ్వనాథ నాయకుడు అక్కడ పాలన మొదలుపెట్టి రాజ్యాన్ని 72 పాళేలుగా పంచినప్పుడూ సేనకు తోలు కావలసి వచ్చింది. జీనులు, కళ్లేలు, డాళ్లు, నగారాలు, చెప్పులు అన్నీ తోలు పనే. ఆ పనివాళ్లు కూడా ఉత్తరాన్నుంచే దిగారని పాత జనాభా లెక్కల అధికారుల అభిప్రాయం. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలో ఈ తోలు పనివాళ్ల కులాన్ని చక్కిలియన్ అని రాశారు. పాత తమిళ శాసనాల్లో ఈ కులం ప్రస్తావనే లేదని, వీళ్లలో చాలామంది తెలుగో కన్నడమో మాట్లాడతారని అందులో ఉంది. తెలుగునాట మాదిగలకు వీళ్లు దగ్గరివాళ్లు. ఇప్పుడు తమను అరుంధతీయులమని చెప్పుకుంటారు. కోయంబత్తూరు పల్లెల్లో మాదారి అన్న పేరూ ఉంది. తంగేడు చెట్టు వీళ్లకు పూజనీయం. కారణం సులువుగానే ఊహించవచ్చు, తోలు ఊనడానికి దాని బెరడును మించింది ఆ చుట్టుపక్కల లేదు.

పచ్చి తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక రాల్చి, కండ గీకి, ఎన్నోసార్లు కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో ఊరవేస్తారు. ఒక్కోచోట తోలునే సంచీలా కుట్టి, లోపల చెక్క నీళ్లు పోసి చెట్టుకు వేలాడదీసేవారు. తోలు ఊరవేసే లంద చుట్టూ ఉండే వాసన వల్లే ఆ వాడను ఊరికి దూరంగా పెట్టారని చెప్పేవాళ్లున్నారు. అదే నిజమైతే లంద లేని వాడలు కూడా అంతే దూరాన ఎందుకున్నాయో వాళ్లే చెప్పాలి. అలా ఊనిన తోలు కొయ్యలాగా బిరుసు. చెప్పుకు అట్ట కోసేటప్పుడు రైతు పాదాన్నే తోలు మీద పెట్టించి చుట్టూ గీత గీసేవారు. పైన వారు, బొటనవేలికి ఉంగటం ఆరెతో కుట్టేవారు. కొలత సరిపోయినా తోలు బిరుసు పోదు కనుక కొత్త చెప్పు కరిచి తీరేది. మడమ మీద, వేలి సందున, వారు ఒరుసుకునే చోట బొబ్బలు లేచేవి.

దానికి మందు కాలికి రాసేది కొంత, చెప్పుకు రాసేది ఎక్కువ. చెప్పుకు రాత్రంతా ఆముదం పట్టించేవారు. తడిపి కాస్త నెమ్ముగా ఉండగానే తొడుక్కుని నాలుగడుగులు నడిస్తే తోలు కాలి వంపులకు లొంగేది. బొబ్బ చితికితే పసుపు, నూనె రాసి వారుకు గుడ్డపీలిక చుట్టేవారు. అప్పటికీ లొంగకపోతే కుట్టినవాడి దగ్గరికే వెళ్లి ఉంగటం విప్పించి వదులు చేయించుకునేవారు. అంతటితో సర్దుకునేది, ఎందుకంటే కుట్టినవాడికి ఆ కాలు తెలుసు. ఆల్ప్స్ కొండల్లో మంచు మీద జారే ఆటగాళ్లకు గట్టి ప్లాస్టిక్ బూటు చీలమండ దగ్గర కరిస్తే దుకాణదారు చేసేదీ ఇంతే. ఆ డొప్పను వేడిచేసి, నొక్కుతున్న చోట ఉబ్బిస్తాడు. కాలిని కోయలేం కాబట్టి బూటునే మార్చాలి.

అయితే కోయంబత్తూరు, మదురై పల్లెల్లో ఒక మెలిక ఉండేది. చెప్పు కుట్టినవాడు దాన్ని తొడుక్కుని ఊళ్లో నడవడానికి వీల్లేదు. అగ్రకులాల వీధిలోకి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. మిగిలిన దళిత కులాలకూ ఇదే కట్టడి. ఇంత తోలు పని తెలిసినవాళ్లు తరతరాలుగా పగిలిన మడమలతో, ముళ్లు గుచ్చుకున్న అరికాళ్లతో నడిచారు. ఇది పాతకాలం ముచ్చట అనుకుంటే పొరపాటే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, దళితులను బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు వేసుకోనివ్వకపోవడాన్ని పేరు పెట్టి మరీ నేరాల్లో చేర్చాల్సి వచ్చింది.

దేవుళ్ల దగ్గర మాత్రం ఈ కట్టడి తలకిందులవుతుంది. తిరుపతిలో అలిపిరి పాదాల మండపం దగ్గర భక్తులు వెంకన్న చెప్పులను తల మీద పెట్టుకుంటారు. స్వామి రాత్రిపూట కొండ దిగి తిరగడం వల్ల చెప్పులు అరిగిపోతాయని, మాదిగలు కొత్తవి కుట్టి ఇస్తారని నమ్మకం. మదురైలో మీనాక్షి గుడి తూర్పు గోపురం దగ్గర మదురై వీరన్ కొలువున్నాడు. కథ ప్రకారం అడవిలో దొరికిన పసివాణ్ని తోలు పనివాళ్ల జంట పెంచింది. పెద్దయ్యాక బొమ్మయ్య నాయకుడి కూతురు బొమ్మిని లేవదీసుకుపోయాడు. తిరుమల నాయకుడి కొలువులో దొంగలను అణచాడు. చివరికి రాజు ఇతనికి వేసిన శిక్ష ఒక చెయ్యి, ఒక కాలు నరకడం. 1956లో ఎం.జి.ఆర్. ఈ వేషం కట్టాక వీరన్ కథ తమిళనాడంతా మారుమోగింది. అరుంధతీయులు అతన్ని తమవాడిగానే కొలుస్తారు.

కోయంబత్తూరులో తోలు పనివాడికి చెప్పులకన్నా పెద్ద ఆధారం బావి. లోతైన బావుల్లోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిలి బానకు పెద్ద తోలు సంచి, దాని కింద తొండం లాంటి గొట్టం ఉండేవి. 1800 చివర్లో ఆ దారిన వెళ్లిన ఫ్రాన్సిస్ బుకానన్ కపిలి పేరు కూడా రాసుకున్నాడు. ఆ బానను కుట్టి, చిరిగితే అతికినందుకు రైతు ఏటా గింజలు కొలిచేవాడు. నీళ్లలో నానే తోలు ఎక్కువకాలం మన్నదు. 1903లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ పద్ధతిలో తోలు ఊనే ప్రయోగాలు మొదలుపెట్టింది ముఖ్యంగా ఈ బానల కోసమే. అదే తోలుతో చెప్పులు, బూట్లూ చేయించాడు. క్రోమ్ తోలు మెత్తగా వంగుతుంది, నీటికి ఓర్చుకుంటుంది, తంగేడు తోలంతగా కరవదు. అయితే దానికి కావలసిన రసాయనాలు, యంత్రాలు వాడ చివర లందలో ఇమిడేవి కావు. పని ఫ్యాక్టరీలకు తరలింది. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కోయంబత్తూరులోనే విద్యుత్ మోటారు తయారుచేశారు. పంపుసెట్లు వచ్చాక కపిలి మూలపడింది. తెలుగింటి నాయుడి మోటారు తెలుగింటి తోలు పనివాడి గింజలకు గండి కొట్టింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు కానీ లెక్కలో రాసుకోవాలి. ఆ వెనకే బాటా వచ్చింది, రబ్బరు చెప్పు, టైరు చెప్పు వచ్చాయి. కొలతలు అంకెలయ్యాయి. ఏడో నంబరు కాలు గలవాడికి ఏడో నంబరు చెప్పు కరిస్తే అడగడానికి కుట్టినవాడు లేడు.

కాలిని చూసి చెప్పు కోయడమనే పద్ధతి ఆసుపత్రి గుమ్మంలోంచి మళ్లీ వచ్చింది. 1914లో పుట్టి కొల్లిమలైలో పెరిగిన పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరాడు. కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పటి నమ్మకం. బ్రాండ్ కనిపెట్టింది వేరు. స్పర్శ పోయిన పాదానికి చెప్పు కరిచినా తెలియదు, మేకు దిగినా తెలియదు. బిగుతు చెప్పు ఒకేచోట గంటల తరబడి నొక్కితే రక్తం ఆడక అక్కడి కండ చస్తుంది. అదే చోట వేలసార్లు కొద్దికొద్దిగా ఒరుసుకున్నా పుండు పడుతుంది. వైద్యం చేయాల్సింది చెప్పుకు. సన్నని గాలి గదులున్న మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరును లోపలి అట్టగా పెట్టి చెప్పులు చేయించారు. 1955లో మొదలైన కరిగిరి కుష్ఠు పరిశోధన సంస్థ ఈ పనిలో పేరు పడింది. ఈ చెప్పుల్లో మేకు వాడకూడదు, కుట్టాలి లేదా అంటించాలి. దుకాణాల్లో ఎం.సి.ఆర్. చెప్పులని మధుమేహ రోగులు అడిగి తీసుకునేవి ఇవే. మదురైలోనూ కోయంబత్తూరులోనూ వాటికి గిరాకీ ఉంది. కొత్త జత ఇచ్చేటప్పుడు రోగికి చెప్పే జాగ్రత్త ఒకటుంది: మొదటి రోజు కాసేపే తొడుక్కోవాలి, విప్పి పాదమంతా తడిమి చూసుకోవాలి, ఎర్రగా కందిన చోటుంటే చెప్పును వెనక్కి తెచ్చి ఆ చోట సరిచేయించుకోవాలి.