ముందుగా అడుగవలసిన ప్రశ్నలు

మన సంఘములలో ఎక్స్‌రే గాని, స్కానింగు గాని తీయించుకొనని కుటుంబము నేడు అరుదు. పరీక్షకు ముందు సిస్టరుగారు కాగితము చేతబట్టి పేరేమి, నొప్పి ఏ వైపున, ఏ మందులు వాడుచున్నారు అని వరుసగా అడుగుదురు. “చీటీలో అన్నియు వ్రాసియున్నవి గదా, మరల ఏల?” అని మనలో కొందరు విసుగుకొందురు. ఆ ప్రశ్నల వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని సభ్యుల యెదుట క్లుప్తముగా ఉంచగోరుచున్నాము.

1895 నవంబరు 8న జర్మనీ దేశమందలి వుర్జ్‌బర్గు పట్టణమున విల్‌హెల్మ్ రాంట్జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1901లో భౌతికశాస్త్రమునకు ఇచ్చిన మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే లభించెను. ఆ కిరణములు కంటికి కనబడవు, ఒంటికి తగిలినట్లు తెలియదు. కావున వాటివలన అపాయము లేదని అనేకులు తలంచిరి. ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతులనే పదే పదే ఆ కిరణములకు ఒడ్డి, తుదకు చేతులు కోల్పోయి, 1904లో మరణించెను. ఇట్లు అసువులు బాసిన వైద్యులు, నర్సులు, సాంకేతికుల జ్ఞాపకార్థము 1936లో హాంబర్గు నగరమున ఒక స్మారక స్తంభము నిలిపిరి. నాటికే దానిపై 169 పేర్లు చెక్కబడెను. ఈలోగా 1928లో స్టాక్‌హోం నగరమున కిరణముల నుండి రక్షణకై అంతర్జాతీయ సంఘమొకటి ఏర్పడెను.

కాలక్రమమున ఎక్స్‌రే గది బొమ్మ తీయు గదిగా మాత్రమే ఉండలేదు. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింజర్ సూది ద్వారా రక్తనాళములోనికి సన్నని గొట్టము పంపు సులువైన పద్ధతిని ప్రకటించెను. 1964లో అమెరికాలో డాటర్ అను వైద్యుడు, కాలు తీసివేయుటకు ఒప్పుకొనని ఒక వృద్ధురాలి కాలి నాళమును అట్టి గొట్టముతోనే తెరచెను. ఆ విధముగా ఎక్స్‌రే గది చిన్న ఆపరేషను గదియైనది. మేలుతోపాటు కొత్త అపాయములును వచ్చినవి: రక్తస్రావము, రంగు మందు పడకపోవుట, మూత్రపిండములకు హాని, ఒక వైపునకు బదులు మరియొక వైపున చికిత్స.

ఎం.ఆర్.ఐ. యంత్రములోని అయస్కాంతపు బలము మరియొక అపాయము. 2001లో న్యూయార్కు రాష్ట్రమున ఇనుప ఆక్సిజన్ సిలిండరు ఆ యంత్రములోనికి ఎగిరిపడి ఆరేండ్ల బాలుడు మరణించెను. మరుసటి యేడే అమెరికా రేడియాలజీ కళాశాల ఎం.ఆర్.ఐ. భద్రతా సూచనలను ప్రచురించెను. అయినను 2018 జనవరిలో మన ముంబయిలో రోగికి తోడుగా వెళ్లిన యువకుడొకడు సిలిండరుతో ఆ గదిలో ప్రవేశించి ప్రాణము కోల్పోయెను. ద్వారమునొద్ద ఒక్క ప్రశ్న నిలువరించియుండినచో ఈ రెండు ప్రాణములును దక్కియుండెడివి.

సరిచూచుకొను పట్టిక, అనగా చెక్‌లిస్టు, విమానముల నుండి వైద్యమునకు వచ్చినది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బోయింగు వారి పెద్ద విమానము పైకి లేచిన వెంటనే కూలి, ఇద్దరు మరణించిరి. నడిపినవారు ఆరితేరినవారే, ఒక తాళపు మీట విప్పుట మరచిరి. నేర్పున్నను జ్ఞాపకము ఒక్కటే చాలదని గ్రహించి, బయలుదేరుటకు ముందు చూచుకొనవలసిన పనులను చిన్న పట్టికగా వ్రాసికొనిరి.

ఆసుపత్రులు ఈ పాఠము నేర్చుటకు చాల కాలము పట్టెను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు 19 అంశముల పట్టికను వెలువరించెను. ఎనిమిది నగరములలో దానిని పరీక్షించిరి. వాటిలో ఢిల్లీ ఒకటి. అచ్చట పరీక్ష జరిగినది మిషను సేవలో 1885లో పుట్టిన సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రిలోనే. 2009లో ప్రకటించిన ఫలితముల ప్రకారము మరణములు నూటికి 1.5 నుండి 0.8కి, ఇతర చిక్కులు 11 నుండి 7కు తగ్గెను. 2010లో బ్రిటను వారు దీనిని రేడియాలజీకి అనువుగా మార్చిరి. 2012లో ఐరోపా రేడియాలజీ వైద్యుల సంఘమొకటి తన పట్టికను ప్రచురించెను.

ఈ పట్టిక మూడు చోట్ల ఆగుమనును. పరీక్షకు పూర్వము: పేరు, సమ్మతి, పడని మందులు, మూత్రపిండముల స్థితి, రక్తము పలుచబరచు మాత్రలు, స్త్రీలయెడల గర్భము. సూది గుచ్చుటకు ముందు: సరియైన రోగియా, సరియైన వైపా అని అందరు కలిసి ఒక్కసారి ఆగి చూచుట. ముగిసిన తరువాత: పరికరముల లెక్క, తీసిన ముక్కపై పేరు, వార్డు వారికి సూచనలు.

అయితే కాగితముపై టిక్కులు పెట్టినంత మాత్రమున మేలు కలుగదు. కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రులయందు శస్త్రచికిత్స పట్టికను తప్పనిసరి చేయగా, మరణములు 0.71 నుండి 0.65కు మాత్రమే మారెననియు, అది చెప్పదగిన భేదము కాదనియు 2014లో ప్రకటించిరి. కారణమును గూర్చి పండితులు వాదించుకొనిరి. మాకు తోచునదేమనగా, అడుగువారు నిజముగా అడుగవలెను, చెప్పువారు నిజము చెప్పవలెను. గదిలో అందరికంటె చిన్న ఉద్యోగియైనను “డాక్టరుగారూ, ఒక్క నిమిషము ఆగండి” అనగలుగవలెను. పెద్దవారు దానిని అవమానముగా తలంపరాదు.

మన సంఘపు రిజిస్టరు తెరచినచో మరియమ్మలు, రూతమ్మలు, యోహానులు, ఏసుదాసులు ఎందరో కనబడుదురు. ఇంటిపేరు సైతము కలియుట కద్దు. “మీరు మరియమ్మగారేనా?” అని అడిగినచో సరిగా వినబడని అవ్వ తల యూపును. “మీ పేరేమి అమ్మా?” అని అడిగినచో ఆమెయే చెప్పును. పేరుతోపాటు పుట్టిన తేదీ గాని ఆసుపత్రి నంబరు గాని చూచుట అందుకే.

మన పాలు కూడ కలదు. ఇంటివారు రోగికి బదులు తొందరపడి జవాబు చెప్పవద్దు. షుగరు మాత్రలు, గుండె మాత్రలు, ఇంతకు ముందు పడని మందు, ఒంటిలోని రాడ్డు గాని పేస్‌మేకరు గాని, గర్భము సంగతి గాని సిగ్గుపడి దాచవద్దు. ఎవరును అడుగనియెడల మనమే ముందుగా చెప్పుదము.